పెనాల్టీ బాక్సు పక్క సీటు

బుధవారం ఉదయం ఆర్డిస్ కోవల్ కో-ఆప్ కెఫేలోకి అడుగుపెట్టేసరికి ముందురోజు ఆట ఇంకా అయిపోలేదు. కిటికీ పక్కనున్న పొడుగు బల్ల చుట్టూ కూర్చుని మగవాళ్లు దాన్ని మొదట్నుంచీ మళ్లీ ఆడుతున్నారు. ఉప్పు సీసా డన్‌మూర్ వాళ్ల గోలు, మిరియాల సీసా మన గోలు, పంచదార పొట్లం పక్, అంటే కర్రలతో కొట్టే నల్లబిళ్ల. హారో లేక్‌లో హాకీ ఆట మంచు రింకులో ఒకసారి, ఈ బల్ల మీద నాలుగుసార్లు జరుగుతుంది. బల్ల మీద మనవాళ్లు ఎప్పుడూ ఓడలేదు.

"ఇదిగో, వాడు ఇక్కణ్ణుంచి బయల్దేరాడు." ఓరెస్ట్ పంచదార పొట్లాన్ని చెంచాతో తోసుకొచ్చాడు. ఇనపసామాన్ల కొట్టు కొడుక్కి అప్పగించాక ఆయనకి ఈ బల్లే కొట్టు. "మన డిఫెన్స్ వాళ్లిద్దరూ ఎక్కడున్నారు? ఒకడు కిందపడి ఉన్నాడు, రెండోవాడు వాణ్ణి పరామర్శిస్తున్నాడు. అటు వాడొక్కడే, ఇటు గోల్లో క్లేటన్ ఒక్కడే. నా ప్రాణం ఇక్కడికొచ్చింది."

"క్లేటన్ ఎడంకాలు చాపాడు చూడు, అబ్బ," అన్నాడు లోర్న్. లోర్న్ ఆర్డిస్ భర్త. పొలం కౌలుకిచ్చేసిన దగ్గర్నుంచీ ఓరెస్ట్ ఎడంపక్క కుర్చీ ఆయనది.

"చాపాడు, కాదన్లేదు. కానీ అప్పుడు నేను ఆట చూడటంలేదు. ఆర్డిస్‌ని చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే అల్లిక వరస పూర్తయ్యి, సూదులు చేతులు మార్చుకుంది. ఇలా మార్చుకుందో లేదో అలా వెళ్లి పక్ క్లేటన్ కాలికి తగిలింది."

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు తలలూపారు.

"మరి కైల్ కొట్టిన గోలు?" అన్నారెవరో.

"వాడు గోలు కొట్టాడనకు. గోలే వాణ్ణి కొట్టింది. వాడు వెనక్కి తిరిగి చొక్కా సర్దుకుంటుంటే పిర్రకి తగిలి లోపలికి పోయింది."

"పిర్రయితేనేం? బోర్డు మీద అంకె అదేగా."

అప్పుడు చూశారు ఆర్డిస్‌ని. ఆడవాళ్ల బల్ల వెనకవైపు, వంటగది తలుపు దగ్గరుంటుంది. ఊరు పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉంది. అలాంటిది ఓరెస్ట్ లేచి తన పక్కనే కుర్చీ లాగాడు. కెఫే నడిపే మైర్నా అడక్కుండానే కాఫీ పోసింది.

"జలుబూ గిలుబూ ఏం లేదు కదా అమ్మా?" అన్నాడు ఓరెస్ట్. "గొంతు కాస్త బరువుగా ఉన్నట్టుంది."

"నేనింకా నోరే విప్పలేదు," అంది ఆర్డిస్. ఆమె కుర్చీలో కూర్చోకుండా లోర్న్ వైపు తిరిగింది. "ఎల్వా అక్క ఫోన్ చేసింది. కంటి వెనక పొర ఊడిందట. శుక్రవారం ఆపరేషన్. ఆ తరవాత వారంపాటు తల ఎత్తకుండా బోర్లా ఉండాలట, రాత్రీ పగలూ. పక్కింటావిడ ఒక్క రాత్రి తోడుంటానంది. శనివారం పొద్దున్నకి నేను సస్కటూన్ పట్నంలో ఉండాలి."



"శనివారమా?" అన్నాడు ఓరెస్ట్, తప్పంతా వారానిదే అన్నట్టు. "శనివారం ఆట ఉంది కదమ్మా."

"ఉంది. ఆడేవాళ్లు ఆడతారు."

"అదేం మాట? నువ్వా సీట్లో కూర్చోకముందు మన సంగతేంటి? క్రిస్మస్ నుంచీ ఒక్క ఆట గెలిచామా? ఆరోజు రింకు పైకప్పు కారి నీ పాత సీటు తడవబట్టి బతికిపోయాం. వచ్చి పెనాల్టీ బాక్సు పక్కన కూర్చున్నావు, గెలిచాం. మళ్లీ కూర్చున్నావు, మళ్లీ గెలిచాం."

"నీ నీలం కోటు జిప్పు పాడవటం కూడా పైవాడి పనే," అంది మైర్నా, కాఫీ కూజాతో ఆకాశం వైపు చూపిస్తూ. "లేకపోతే లోర్న్ కోటు నువ్వెందుకు వేసుకుంటావు?"

ఆ గోధుమరంగు కోటు వేసుకుని లోర్న్ ఇరవై ఏళ్లు ఆవులకి పురుళ్లు పోశాడు. దాన్ని ఉతక్కూడదని ఇప్పుడు ఊరి తీర్మానం. జిప్పు బాగై నీలం కోటు ఇంటికొచ్చి చాలాకాలమైంది.

"శనివారం గెలిస్తే ఫైనల్స్‌లో ఉంటాం," అన్నాడు ఓరెస్ట్. "ఆదివారం పొద్దున్నే నేనే నిన్ను దింపుతాను. ఆపరేషన్ రెండ్రోజులు వాయిదా వేయమని అడిగి చూడు."

"ఊడిన కన్ను ఆటల పట్టీ చూసుకోదు ఓరెస్ట్."

లోర్న్ కాఫీ కప్పుని పళ్లెంలో ఒక చుట్టు తిప్పాడు. "చూద్దాంలే," అన్నాడు.

ఆయన 'చూద్దాంలే' అంటే ఏమిటో ఆమెకి తెలుసు. ఆ మాట మీద వాళ్లింట్లో స్నానాలగది రంగు తొమ్మిదేళ్లు ఆగింది.

తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. ముసలమ్మ కోడిని చంకన పెట్టుకుని పోతానంటుంటే, ఊరే ఆమె కొంగు పట్టుకుని వేలాడుతోంది.

గురువారం పొద్దున ఆర్డిస్ కిటికీలోంచి చూసేసరికి వాకిట్లో ట్రక్కు లేదు. ఇంజను చల్లబడకుండా గోడ ప్లగ్గులోంచి వేసే తీగ మాత్రం మంచు మీద పడి ఉంది.

"ముందు చక్రం శబ్దం చేస్తోంది. టైర్ల షాపులో ఇచ్చాను," అన్నాడు లోర్న్ టోస్టుకి వెన్న రాస్తూ.

"నాకేం వినబడలేదే."

"నీవైపు కాదు. నావైపు చక్రం."

ఆమె ఫోన్ దగ్గరికి కుర్చీ లాక్కుంది. సస్కటూన్‌కి బస్సు ఆగిపోయి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఊళ్లోంచి బయటపడాలంటే ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. ఎవరూ కాదనలేదు. ఆ ఊళ్లో ఎవరూ ఎవర్నీ కాదనరు. ఒకరికి శనివారం ఆవులు ఈనేలా ఉన్నాయి. ఒకరి కారులో హీటరు పనిచేయదు, నీకు జలుబు చేస్తే ఎలా అన్నారు. చర్చి పాస్టరు గారికి శనివారం పొద్దున పాన్‌కేకుల విందు ఉంది. తప్పకుండా ప్రార్థన చేస్తానన్నాడు, ఎందుకోసమన్నది మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నం మైర్నా వచ్చింది, క్యాబేజీ రోల్స్ గిన్నెతో. గిన్నె బల్ల మీద పెట్టి, కోటు విప్పకుండానే కూర్చుంది.

"నీ ఇబ్బంది నాకర్థమైంది. రాత్రంతా ఆలోచించాను. మా చిన్నాన్న కూతురు సస్కటూన్‌లోనే ఉంటోంది. ఖాళీ మనిషి. ఎల్వాని వారమంతా చూసుకుంటానంది."

"ఎల్వా ఆమెనెప్పుడైనా చూసిందా?"

"ఆపరేషన్ అయ్యాక మాత్రం ఎవర్ని చూస్తుందే, బోర్లా పడుకుని?"

ఆర్డిస్‌కి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది. మైర్నా చెడ్డది కాదు. ఆర్డిస్ తల్లి పోయినప్పుడు మూడు రోజులు ఈ వంటింట్లో నిలబడి పెరోగీలు, ఆ బంగాళాదుంప కజ్జికాయలు, చుట్టిన మనిషి. వీళ్లలో ఒక్కడైనా చెడ్డవాడుంటే ఎంత బాగుండేది, తలుపు విసురుగా వేసి పోయేది. తియ్యగా, వేడివేడిగా, గిన్నె మీద శుభ్రమైన గుడ్డ కప్పి తెచ్చి మరీ తలుపుకి అడ్డంగా పెడుతుంటే దాటడమెలా?

సాయంత్రం లోర్న్ వచ్చి చేతిలోని కాగితం సంచి ఆమె ఒళ్లో పెట్టాడు. లోపల ఆకుపచ్చ ఊలు ఉండలు రెండు. ముప్పైనాలుగేళ్ల కాపురంలో ఊలు కొట్టు గడప తొక్కిన మనిషి కాదు.

"రంగు సరిపోయిందా? కొట్టమ్మాయి పాతదాని ముక్క తెమ్మంది. నీ సంచిలోంచి కాస్త కత్తిరించి పట్టుకెళ్లాను."

"మఫ్లర్ ఎప్పుడో పూర్తయింది లోర్న్. ముడేసి తెంపడమే మిగిలింది."

"తెంపకు," అన్నాడాయన వెంటనే. గొంతు తగ్గించి, "ఓరెస్ట్ అంటున్నాడు, అది పూర్తయితే గెలుపులూ పూర్తవుతాయని. నేను నమ్ముతానని కాదు. ఎందుకొచ్చింది?"

మఫ్లర్ అప్పటికే ముగ్గురి మెడలకి సరిపోయేంత ఉంది. ఆర్డిస్ దాన్ని మడిచి మడిచి సంచిలోకి దించింది. ఊలు ఉండలు చేతిలోకి తీసుకుని రంగు చూసింది. సరిగ్గా సరిపోయింది. ఆమెకి బాధ కలిగించింది అదే.

శుక్రవారం మధ్యాహ్నం ఎల్వా ఫోన్ చేసింది. మాట మూకుట్లోంచి వస్తున్నట్టుంది.

"అయిపోయిందే. ముఖం ఇరికించే కుర్చీ ఒకటి అద్దెకిచ్చారు, అందులో ఉన్నాను. నేల తప్ప ఏమీ కనబడదు. నేల బాగానే ఉంది. నీ చెప్పులు కనబడితే ఇంకా బాగుంటుంది."

"వస్తున్నాను అక్కా."

"ఎలా వస్తావు? లోర్న్ తెస్తున్నాడా?"

"వస్తున్నానన్నానుగా."

ఆమె గోధుమరంగు కోటు తగిలించుకుని బయల్దేరింది. నీలం కోటుతో రోడ్డెక్కితే నలుగురు ఆపి అడుగుతారు. మార్చి నెల ఎండ ముఖానికే గాని వేళ్లకి తగలదు. రోడ్డు పక్క మంచు దిబ్బలు నల్లబడ్డాయి. టైర్ల షాపు షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల లోర్న్ ట్రక్కు నాలుగు చక్రాల మీదా నిక్షేపంగా నిలబడి ఉంది.

దాని వెనక క్లేటన్ ఫ్రీసెన్ ఒక టైరుని నీళ్లతొట్టిలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. ఊరి జట్టు హారో లేక్ బాడ్జర్స్‌కి గోల్ కాసే గోలీ అతనే. సాయంత్రాలు గోల్లో నిలబడతాడు, పగళ్లు పంచర్లు వేస్తాడు. రెండుచోట్లా పని ఒకటే, చిల్లు ఎక్కడుందో చూసి మూయడం. వయసు ముప్పై దాటింది. మనిషి నెమ్మది.

"చక్రం సంగతేంటి?" అంది ఆర్డిస్.

క్లేటన్ టైరుని తొట్టిలోంచి తీసి గోడకి ఆనించాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. గుడ్డకంటే చేతులే శుభ్రంగా ఉన్నాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"దాన్నసలు పైకి లేపలేదండీ. ఆదివారం దాకా ఉంచమన్నారు లోర్న్ గారు. ఉంచడమే పని అన్నారు."

ఆర్డిస్ ట్రక్కు ముందు చక్రం వైపు చూసింది. లోర్న్ 'చూద్దాంలే' అన్నది ఈ చూడటం గురించేనన్నమాట. ముప్పైనాలుగేళ్లలో ఆయన చాలా విషయాలు వాయిదా వేశాడు గాని, అబద్ధం మాత్రం చెప్పలేదు. నేర్చుకోవడానికి అరవయ్యో ఏడు దాకా ఆగాడు.

"కూర్చోండి," అన్నాడు క్లేటన్ టైర్ల దొంతర చూపిస్తూ. తనూ ఎదురుగా కూర్చుని ప్యాంటు ఎడంకాలు పైకి మడిచాడు. మోకాలి కింద వంకాయ రంగులో వాచి ఉంది. "చూడండి. మంగళవారం మీరు సూదులు మార్చుకుంటే వచ్చింది."

ఆర్డిస్ నవ్వలేదు. అతనూ నవ్వటంలేదు.

"ఆ డన్‌మూర్ వాడున్నాడే, కుడివైపు చూస్తాడు. చూసి ఎడంవైపు కొడతాడు. కొట్టబోయేముందు కింది చెయ్యి కర్ర మీద జానెడు కిందికి జారుతుంది. మూడాటలు గమనించాను. మంగళవారం ఆ చెయ్యి జారగానే కాలు చాపాను. అదే కెఫేలో చెప్పబోయాను. ఓరెస్ట్ గారు భుజం తట్టి, 'సరేలేరా అబ్బాయ్' అని మీ అల్లిక గురించి మొదలెట్టారు."

"నేనేమన్నా కావాలని కూర్చున్నానా బాబూ ఆ సీట్లో."

"మిమ్మల్ని అనటంలేదండీ." క్లేటన్ ప్యాంటు కిందికి దించుకున్నాడు. "పన్నెండేళ్ల నుంచి ఆడుతున్నాను. ఈ ఏడు ఏదో కుదిరింది. పక్ చేతి నుంచి బయల్దేరకముందే కనబడుతోంది. నా మోకాళ్లు వచ్చే ఏడుకి ఇలా ఉండవు. ఇది నేనా, మీ కోటా? ఇప్పుడు తెలుసుకోకపోతే ఇంకెప్పటికీ తెలియదు."

లేచి గోడ మేకుకున్న తాళంచెవి తీసుకొచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు.

"శనివారం మీరు రావద్దు. అక్కగారి కోసమే వెళ్లండి. కాస్త నా కోసం కూడా వెళ్లండి."

"ఓడిపోతే?"

"ఓడిపోతే ఈ ఊళ్లో నా దగ్గర టైరు మార్పించుకునేవాడు ఉండడు. గాలి కూడా కొట్టించుకోరు." టైరుని మళ్లీ తొట్టిలోకి దించాడు. "కానీ ఓడింది నేనని తెలుస్తుంది కదండీ."

రింకులో ఆర్డిస్ సీటు పక్కనే పెనాల్టీ బాక్సు. తప్పు చేసిన ఆటగాణ్ణి అందులో కూర్చోబెడతారు. వాడు గడియారం వంక చూస్తూ పళ్లు నూరుతుంటాడు, రెండు నిమిషాలు కాగానే తలుపు తీస్తారు. ఎన్నో సాయంత్రాలు ఆమె అల్లికలోంచి తలెత్తి ఆ తలుపు తెరుచుకోవడం చూసింది. బాక్సు అద్దానికి ఇవతల, ఏ తలుపూ తెరవని చోట ఇరుక్కున్నది తానొక్కతే అనుకుంది ఇంతకాలం. క్లేటన్ కూడా ఉన్నాడు.

శనివారం లోర్న్ కెఫేకి వెళ్లేదాకా ఆగింది. గోధుమరంగు కోటుని వంటింటి కుర్చీకి తొడిగి, గుండీలన్నీ పెట్టింది. బాగానే ఉంది, కాస్త భుజాలు జారాయంతే. క్యాబేజీ రోల్స్ గిన్నె దాని ముందు పెట్టింది. కోటు ఆకలితో ఉన్నట్టు కనబడింది. నీలం కోటు వేసుకుని, అల్లిక సంచీ బట్టల సంచీ పట్టుకుని, టైర్ల షాపు వెనక సందులోకి నడిచింది.

ఊరు దాటాలంటే కెఫే ముందునుంచే పోవాలి. మరో దారి లేదు. ఆమె ట్రక్కుని మామూలు వేగంతోనే పోనిచ్చింది. కిటికీ అద్దం వెనక ఓరెస్ట్ చెంచా ఎత్తి ఏదో చెబుతున్నాడు, చెబుతూనే ట్రక్కుని చూసి చెయ్యెత్తాడు. ఈ ప్రాంతంలో ఎదురైన ప్రతి ట్రక్కుకీ చెయ్యెత్తడం ఊపిరి తీయడంలాంటిది. ఆర్డిస్ స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపింది. అద్దంలోంచి వెనక్కి చూస్తే, ఓరెస్ట్ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. నోరు మాత్రం తెరుచుకుంది.

ఆదివారం ఉదయం ఎల్వా తన కుర్చీలో ముఖం ఇరికించుకుని ఉంది. ఆర్డిస్ నేలమీద కూర్చుని, కింది నుంచి ఆమెకి గొట్టంతో కాఫీ తాగిస్తోంది. ఫోన్ మోగింది.

"గెలిచాం," అన్నాడు లోర్న్. వెనక కెఫే మొత్తం వినబడుతోంది. చెంచాలు, కుర్చీలు, మైర్నా నవ్వు. "నాలుగు ఒకటి. ఫైనల్స్‌కి వెళ్లాం. నువ్వెళ్లిపోయావని నాకేం కోపం లేదు."

"చక్రం శబ్దం చేయలేదు లోర్న్."

ఎల్వా నోటికి గొట్టం మళ్లీ అందించింది ఆర్డిస్.

"దారి పొడుగునా విన్నాను. నీవైపు కూడా."

"అది... సరేలే ఆర్డీ," అన్నాడు గొంతు సవరించుకుని. "ఎల్వా ఎలా ఉంది?"

"నేల చూస్తోంది."

"నేనూ అదే చూస్తున్నాను," అన్నాడు లోర్న్. ఆయన క్షమాపణ అంతవరకే వస్తుందని ఆమెకి తెలుసు. తరవాత గొంతు హుషారందుకుంది. "ఏం జరిగిందో విను. మొదటి పీరియడ్‌లో నీ సీట్లో కోటు పెట్టాం. గుండీలు పెట్టే ఉన్నాయిగా, నిలబడింది. ఇలా పెట్టామో లేదో వాళ్లు ఒక గోలు కొట్టారు. ఓరెస్ట్ కోటు పట్టుకెళ్లి బయట మంచులో పారేశాడు. అంతే. ఆ తరవాత వాళ్లకి ఒక్కటి కూడా పడలేదు."

"క్లేటన్ ఎలా ఆడాడు?"

"ఎవరు? క్లేటనా? బాగానే నిలబడ్డాడు. వాళ్లు కొడుతూనే ఉన్నారు పాపం, ఏదీ పోలేదు. చూడు, మనవాళ్లేమంటున్నారంటే..." ఫోన్ చేతులు మారింది.

"అమ్మా, ఓరెస్ట్‌ని. లెక్క తేలిపోయింది. అదృష్టం నువ్వు కూర్చోవడంలో కాదు, నువ్వు లేకపోవడంలో ఉంది. మొదట్లో కూర్చోవడంలోనే ఉండేదనుకో, తరవాత మారింది. ఫైనల్స్ అయ్యేదాకా అక్కడే ఉండు. మీ అక్కని బాగా చూసుకో. కన్ను చాలా సున్నితం, తొందరపడి వచ్చేయకు. నీకు దణ్ణం పెడతాను."

"క్లేటన్ ఉన్నాడా అక్కడ?"

ఉన్నాడు. ఫోన్ తీసుకుని బయటికి నడిచినట్టున్నాడు. చెంచాల చప్పుడు తగ్గి గాలి వినబడింది.

"చెప్పు బాబూ. తెలిసిందా?"

"నాకు తెలిసిందండీ." అతని గొంతులో అలసటా నవ్వూ కలిసి ఉన్నాయి. "వాళ్లకి చెప్పి చూశాను. వినలేదు. పోనీండి. ఆపినవన్నీ మీరు లేకపోవడం వల్లేనట. అది నేను ముందే అనుకున్నాను. కానీ ఆ ఒక్క గోలు పడింది చూశారూ, అది నాదండీ. కోణం మూయడం ఆలస్యమైంది, చంక కిందనుంచి పోయింది. అచ్చంగా నా తప్పు. దాన్ని కూడా కోటు ఖాతాలో వేసేశారు. అదైనా ఇవ్వమంటే ఇవ్వటంలేదు."

ఆర్డిస్ ఫోన్ పెట్టేసి కాఫీ కప్పు మళ్లీ అందుకుంది.

"ఏమంటున్నారే?" అంది కుర్చీలోంచి ఎల్వా.

"నన్ను రావద్దంటున్నారు."

"మొన్నటిదాకా కదలొద్దన్నారుగా?"

"ఊరదే. శకునం మారింది."

శుక్రవారం వెళ్లనివ్వని తలుపే ఆదివారం రానివ్వనంటోంది. ఆమె ఈ గదిలో, ఈ నేలమీద, అక్కకి కాఫీ పడుతూ కూర్చున్నా బాడ్జర్స్ కోసమే కూర్చున్నట్టు లెక్క. ఊరవతలికి వచ్చినా ఆ సీటు వెంట వచ్చింది.

"అక్కా, శనివారానికి నీ తల లేస్తుందా?"

"లేపవచ్చన్నారు. ఎందుకు?"

"ఫైనల్స్ మొదటి ఆట మన ఊళ్లోనే. ఇద్దరం వెళ్దాం. నా పాత సీటు పక్కన ఖాళీ ఉంటుంది. పైకప్పు కారుతుందని ఎవరూ కూర్చోరు. అక్కణ్ణుంచయితే గోలీ బాగా కనబడతాడు."

"నిన్ను చూస్తే చంపేస్తారేమోనే."

"చంపరు. క్యాబేజీ రోల్స్ పెడతారు."

ఆమె సంచి దగ్గరికి లాక్కుని మఫ్లర్ బయటికి తీసింది. సూది మీదున్న కుట్లని ఒకదాని మీంచి ఒకటి దాటిస్తూ ముడి వేయసాగింది. లోర్న్ తెచ్చిన ఊలు ఉండలు సంచి అడుగున అలాగే ఉన్నాయి. పనయ్యేకొద్దీ మఫ్లర్ ఒళ్లోంచి జారి, నేలమీద పాకి, ఎల్వా ముఖం కిందికి చేరింది. మూడు రోజులుగా చెక్కపలకల నేల తప్ప ఏమీ చూడని ఎల్వాకి, కట్టు లేని ఒక్క కంటి ముందు ఆకుపచ్చ చార ఒకటి వచ్చి, ఆగకుండా పోతూ ఉంది.

"ఏంటే ఇది? ఎవరికి?"

"క్లేటన్‌కి."

"ఎన్ని మెడలున్నాయే అతనికి? ఇంకా వస్తూనే ఉంది."

కత్తెర చిన్నగా చప్పుడు చేసింది.

"లేదక్కా," అంది ఆర్డిస్. "అయిపోయింది."